కారు నూనెకు పెట్టిన జల్లెడ

మురికి నూనెను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది జబ్బేనని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. ఉక్కు మిల్లులో ముప్పై నాలుగేళ్లు హైడ్రాలిక్ సెక్షన్‌లో పని చేసినవాడికి నూనె అంటే వంటనూనె కాదు, ఇంజనాయిలూ కాదు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెల్ని ఎత్తి, తిప్పి, నొక్కి ముందుకు తోసే బలమంతా గొట్టాల్లో తిరిగే ఆ నూనెదే. అందులో కంటికి కనపడని రేణువొకటి చేరి వాల్వులో ఇరుక్కుందంటే మిల్లు మొత్తం నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. అప్పుడు పెద్దా చిన్నా అందరూ పరుగున వచ్చి నా మొహం చూసేవారు. నూనెను వడగట్టడం నా ఉద్యోగం. కొన్నాళ్లకు అదే నా పొగరు కూడా అయింది.

రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. పురుడు పోయడానికి మూడు నెలలని వెళ్లిన మా ఆవిడ, పసిపిల్లను చూసుకునేవాళ్లు లేక అక్కడే ఉండిపోయింది. నేనూ వెళ్లాను. పదిహేనో రోజున వాళ్ల మంచినీళ్ల మిషన్ విప్పి, లోపలి ఫిల్టరు తీసి, పళ్లెంలో పెట్టి, భోంచేస్తున్న మా అల్లుడి ముందు ఉంచాను. "ఇదిగో, నా మనవరాలికి మీరు తాగిస్తున్నది ఇందులోంచి వచ్చిన నీళ్లు" అన్నాను. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను చెప్పింది అబద్ధమేం కాదు, ఫిల్టరు మీద నాచు పట్టి ఉంది. కానీ ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే రైలెక్కేశాను. అప్పట్నుంచి మిల్లు గేటుకు దగ్గర్లోని కూర్మన్నపాలెంలో, మూడు గదుల ఇంట్లో, ఒక్కణ్ణే.

ఒక్కడు ఉండడం కష్టమని నేను అనుకోలేదు. వంట వచ్చు. బట్టలుతికే మిషన్ ఉంది. టీవీ ఉంది. అయితే సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసి "తిన్నారా?" అని అడిగినప్పుడు జవాబివ్వబోతే గొంతు పెగిలేది కాదు. దగ్గి, సవరించుకుని, అప్పుడు మాట్లాడేవాణ్ణి. పొద్దుట్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసేది. జలుబు చేసిందేమోనని ఆవిడ మిరియాల పాలు తాగమనేది.

నన్ను ఆ ఇంట్లోంచి బయటికి లాగింది ఒకే ఒక్క మనిషి. ఆయన మా సెక్షన్‌లో హెల్పర్‌గా పని చేశాడు. ఫ్యాక్టరీకి భూములు పోయిన ఊళ్లలో వాళ్లదొకటి. జీడితోటా, రెండు చెక్కల మెట్టభూమీ పోయి, వాటికి బదులుగా ఉద్యోగం వచ్చింది. గేజీలు చూడ్డం, ముల్లు ఎర్రగీత దాటితే నాకు ఫోన్ చెయ్యడం, పూడుకుపోయిన ఫిల్టర్లు విప్పి కడగడం, ఇదే ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని. మిల్లులో ఉన్నన్నాళ్లూ నన్ను "సారూ" అన్నాడు. రిటైరైన రోజు మెడలో దండతోనే నా గదిలోకి వచ్చి, "ఇంక సారు లేదు, గీరు లేదు. ఇయ్యాల్టి నుంచి బావే" అన్నాడు. నాది గోదావరి జిల్లా. మా వైపు అంత తేలిగ్గా వరసలు కలపరు. మొహం మీద నవ్వాను గానీ లోపల కొంచెం చురుక్కుమంది. ఆ తర్వాత ఏడాదికి నేనూ రిటైరయ్యాను. అప్పుడు తెలిసింది, ఈ ఊళ్లో నన్ను వరస పెట్టి పిలిచేవాడు ఆయనొక్కడేనని.

ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాలు, సిటీలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్. ఈ కబురు వినగానే నేను వాళ్లింటికి వెళ్లి, "నా కారుంది, నేను తీసుకెళ్తాను" అన్నాను. ఆయన, వాళ్లావిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన, "సరే బావా, నీ ఇష్టం" అన్నాడు. మొహమాటపడుతున్నాడనుకున్నాను.

నా కారు గురించి చెప్పాలి. మిల్లులో ఒకసారి పైపు జారి నా ఎడమ మోకాలి మీద పడింది. ఆ కాలితో క్లచ్ తొక్కలేను. అందుకని గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ బండి, పాతదే, వెతికి కొనుక్కున్నాను. అలాంటి బండికి గేర్‌బాక్సులో ఉండే ఎర్రటి నూనే ప్రాణం. ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది ఆ నూనే, గేర్లు మార్చేది ఆ నూనే, వేడెక్కితే ముందు రేడియేటరు దాకా వెళ్లి చల్లబడి మళ్లీ లోపలికి వచ్చేదీ ఆ నూనే. ఆ గేర్‌బాక్సును చూస్తే మా మిల్లును అరచేతిలో పట్టేంత చేసి కారు కింద పెట్టారనిపించేది.

పొద్దున్నే ఆరు గంటలకు వాళ్ల వీధి మలుపులో ఆపేవాణ్ణి. రిపోర్టుల ఫైలు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. గాజువాక దాటేదాకా ఆయన కిటికీలోంచి చూసేవాడు, ఆ తర్వాత కళ్లు మూసుకునేవాడు. ఎప్పుడైనా నూనెల గురించి నేను మొదలుపెడితే "ఊఁ" కొట్టేవాడు. ఆసుపత్రిలో నాలుగు గంటలు. నేను బయట హాల్లో పేపరు చదివేవాణ్ణి, మధ్యలో లోపలికి వెళ్లి ఆయన మంచం పక్కన నిలబడేవాణ్ణి. మధ్యాహ్నం మళ్లీ తీసుకొచ్చి వాళ్లావిడకు అప్పగించేవాణ్ణి.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రెండేళ్లూ నేను సంతోషంగా ఉన్నాను. మంగళవారం కోసం సోమవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. ఆదివారం వస్తే నీరసంగా ఉండేది. ఒక మనిషి నరాల్లోకి సూదులు గుచ్చి రక్తం బయటికి తీసే రోజు నాకు పండగరోజు. నేను లేకపోతే ఆయన గతేమిటి అనుకోవడం నాకు బాగుండేది. ఆ మాట మా ఆవిడతో ఫోన్‌లో అన్నాను కూడా.

ఆ డయాలిసిస్ మిషన్ నన్ను మొదటిరోజే కట్టిపడేసింది. పంపుంది, గొట్టాలున్నాయి, ప్రెషర్ చూపించే అంకెలున్నాయి, మధ్యలో గాజు గొట్టంలాంటి ఫిల్టరుంది. మిల్లులో మేము పెద్ద ట్యాంకు నూనెను పక్కనుంచి చిన్న పంపుతో లాగి, వడగట్టి, మళ్లీ ట్యాంకులోకే వదిలేవాళ్లం. దానికి మా సెక్షన్‌లో కిడ్నీ లూప్ అనే పేరు. ఆయన మంచం మీద పడుకుని మిషన్ వైపు కళ్లు తిప్పి, "సూసేవా బావా, రిటైరైనా నన్ను మన సెక్షన్ ఒదల్లేదు. అప్పుడు నాను కడిగేను, ఇప్పుడు నన్ను కడుగుతన్నారు" అన్నాడు. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఆ ఫిల్టరు ఎన్ని మైక్రాన్లదో, అంటే దాని కన్నాలు ఎంత సన్నవో అని ఆలోచిస్తున్నాను.

రెండో ఏడాది చివర్లో కారు రెండో గేరుకు మారేటప్పుడు చిన్నగా వణకడం మొదలైంది. నూనె కొలిచే పుల్ల తీసి, ఒక చుక్క తెల్ల కాగితం మీద వేశాను. మిల్లులో రోజూ చేసే పరీక్షే ఇది. చుక్క ఆరాక, మంచి నూనైతే అంచులు సమంగా ఉంటాయి. ఇదేమో మట్టిరంగులో ఉంది, మధ్యలో నల్లటి మచ్చ. గేర్‌బాక్సు లోపలి ప్లేట్లు అరిగిన పొడి అది. ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కాగితం వైపు చూడనైనా చూడలేదు. "సార్, ఈ బండి గేర్‌బాక్సు పోతే ఇంక తుక్కే. సామాను రాదు, సేసీవోడూ లేడు. నూనె కదపకుండా నడిచినన్నాళ్లు నడిపీండి" అన్నాడు. కదపకుండా అట! నూనె మట్టిరంగులో ఉంటే చేతులు కట్టుకు కూర్చోమంటాడా?

కారు పోతుందని కాదు నా భయం. ఈ కాలితో వేరే బండి నడపలేను. బండి లేకపోతే మంగళవారం లేదు, గురువారం లేదు, శనివారం లేదు. ఏడు ఆదివారాలు వరసగా వచ్చినట్టుంటుంది.

వారంలో మూడుసార్లు నూనె మార్చి గేర్‌బాక్సు కడిగాను. కొత్త నూనె దానిమ్మ గింజ రంగులో వచ్చింది. ఇది ఇలాగే ఉండాలంటే దారి ఒకటే. నూనె చల్లబడి తిరిగి గేర్‌బాక్సులోకి వెళ్లే గొట్టాన్ని కోసి మధ్యలో ఫిల్టరు బిగించాలి. ఇలా అమర్చుకునే ఫిల్టర్లు కార్లకు విడిగా దొరుకుతాయి. కానీ వాటి అట్ట మీద రాసింది చదివి పక్కన పడేశాను. మరీ పెద్ద కన్నాల జల్లెడ. పైగా ప్రతిదానికీ బైపాస్ ఉంది. అంటే, ఫిల్టరు పూడుకుపోతే నూనె పక్కదారిన వడపోత లేకుండానే వెళ్లిపోతుంది. అలాంటి పక్కదారులంటే నాకు సర్వీసంతా మంట. మా మిల్లులో సున్నితమైన వాల్వుల ముందున్న ఫిల్టర్లకు పక్కదారి ఉండనిచ్చేవాణ్ణి కాదు. మురికి వెళ్లడం కంటే మిల్లు ఆగడమే మేలనేవాణ్ణి. పాత సామాన్ల షాపులో వెతికి, మిల్లుల్లో వాడే రకం ఇనుప గిన్నె ఒకటి, దానికి సరిపోయే కొత్త ఫిల్టరు ఒకటి తెచ్చుకున్నాను. ఐదు మైక్రాన్లది. పక్కదారి లేనిది.

ఆదివారం పొద్దున్న ఇంటి ముందు, కారును ఇటుకల మీదికి ఎక్కించి బిగించాను. ఆయన వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఫిల్టరును చేత్తో తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లు అలాంటివాటిని కడిగిన చేతులు.

"ఇదేటి బావా, కారుకి మిల్లుదెట్టేత్తన్నావు?"

"మిల్లుదే. ఐదు మైక్రాన్లు. ఇందులోంచి దుమ్ము దాటదు."

"దుమ్ము దాటదు, సరే. నూనె దాటాల గదా."

నేను ఇంకో బోల్టు బిగించాను.

"బైపాస్ ఉన్నది పెట్టు బావా" అన్నాడు మళ్లీ. "మిల్లులో అయితే గేజీ సూడ్డానికి నానున్నాను. ముల్లు ఎర్రలోకెల్తే నీకు పోన్ సేసీవోణ్ణి. ఈ కారుకి గేజీ ఏది? సూసీవోడేడి?"

"కారు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పాదాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చో" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం షిఫ్టులో నేను మీటింగులో ఉన్నప్పుడు ఫిల్టరు పూడుకుపోయింది. నాకు ఫోన్ అందలేదు. మిల్లు ఆగిపోకుండా ఈయన ఒక రబ్బరు గొట్టం తగిలించి, నూనెను ఫిల్టరు పక్కనుంచి నడిపించాడు. ఇరవై నిమిషాలు. ఏ వాల్వూ పాడవలేదు. అయినా నేను ఆయన మీద రిపోర్టు రాశాను. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. కాగితం మీద సంతకం పెడుతూ, "మిల్లు ఆగలేదు గదా సారూ" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. రూలు ప్రకారం నాదే రైటు. ఇన్నేళ్లూ ఆ మాటే చెప్పుకున్నాను.

కారు రెండు నెలలు వెన్నలా నడిచింది. వణుకు పోయింది. వారం వారం కాగితం మీద చుక్క వేసి ఆయనకు చూపించేవాణ్ణి. ఎర్రగా, మచ్చలేకుండా ఉండేది. "బాగుంది బావా" అనేవాడు, నా సంతోషం కోసం. నేనైతే ఆ కాగితాలన్నీ తేదీలు వేసి దాచుకున్నాను. ఏ పసిపిల్ల బొమ్మలనో దాచుకున్నట్టు.

మే నెలలో ఒక మంగళవారం. శనివారం తర్వాత మంగళవారం దాకా రెండు రోజులు ఖాళీ కాబట్టి ఒంట్లో నీరు చేరి, మంగళవారం ఆయనకు ఎప్పుడూ ఆయాసంగానే ఉండేది. ఆవేళ మరీ ఎక్కువగా ఉంది. సీటు వెనక్కి వాల్చుకోలేక నిటారుగా కూర్చున్నాడు. గాజువాకలో కంటైనర్ లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి బళ్లన్నీ ఇరుక్కుపోయాయి. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. ముప్పావుగంట పాటు జానెడు జానెడు కదిలాం. తర్వాత దారి దొరికింది, ఎయిర్‌పోర్టు దాటాం, ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాం.

సగం ఎక్కాక ఇంజను గట్టిగా అరిచింది. బండి మాత్రం నెమ్మదించింది. యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. అరుపు పెరిగింది, చక్రాలకు బలం అందలేదు. పొయ్యి మీద మరిచిపోయిన గిన్నె మాడిన వాసన కారంతా నిండింది. బండి వెనక్కి జారబోతే బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగాను. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"ఆగిపోయిందేటి?" అన్నాడు ఆయన.

"ఆగిపోయింది."

ఫిల్టరు పూడుకుపోయి చల్లటి నూనె లోపలికి వెళ్లడం లేదని, గేర్‌బాక్సు మాడిపోయిందని, ఆ వాసన రాగానే నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమయ్యే ఉంటుంది. తలుపు తీసుకుని దిగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. ఆటో కోసం చేతులు ఊపుతూ నేను కుంటుకుంటూ అటూ ఇటూ తిరిగాను. ఫ్లైఓవర్ మీద ఎవరాపుతారు? నా చేతులతో నేనే ఈ మనిషిని చంపుతున్నానని అనిపించింది. ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతుక్కోలేదు, పైనే ఉంది. "తమ్మా, నాను. ఎన్ఏడీ బ్రిడ్జి మీద ఉన్నాను. బండి ఆగిపోయింది. ఔను, ఎక్కేత్తాను. రా" అన్నాడు.

పది నిమిషాల్లో మా వెనకే తెల్లటి వ్యాను వచ్చి ఆగింది. దాని మీద ఆసుపత్రి పేరుంది. డ్రైవరు దిగి ఆయన చంకలో చెయ్యి వేశాడు. "ఎన్నాల్లకి ఎక్కుతన్నారు బాబూ! ఈవేళ కూడా ఆరున్నరకి మీ ఈది సివర ఆపేను. మీరు రారని తెలిసీ ఆపుతన్నాను" అన్నాడు.

"ఏ వీధి చివర?" అన్నాను.

"ఈరి ఈదే సార్. కూర్మన్నపాలెం. డయాలిసిస్ వాల్లని తేవడానికి వారానికి మూడుమార్లు వత్తాను గదా, రెండేల్లు దాటింది. ఇంటికాడ ఎక్కించుకుని ఇంటికాడ దింపెత్తాను. ఈరే, తమకి కారుందంటారు." అప్పుడు నా కారు వైపు చూసి, "ఓ, ఇదేనా" అన్నాడు.

వ్యానులో ఐదారుగురున్నారు. అందరి చేతులకూ ఆయనకున్నట్టే పట్టీలు. ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. ఎవరో లోపల్నుంచి, "పిలిసినా రాని పెద్దమనిసి ఈవేళ దొరికేడర్రా" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ఆయాసపడుతూనే, మిల్లు క్యాంటీన్‌లో హెల్పర్లందరి మధ్యా నవ్వినట్టు. నా కారులో రెండేళ్లలో ఆ నవ్వు నేను ఒక్కసారీ వినలేదు.

నేనూ ఎక్కబోయాను. "పేషంట్లకి తప్ప చోటు లేదు సార్, ఏటీ అనుకోకండి" అన్నాడు డ్రైవరు. తలుపు వేశాడు. అద్దంలోంచి ఆయన చెయ్యి పైకెత్తి, కారు చూసుకోమన్నట్టు సైగ చేశాడు. క్రేను వచ్చేదాకా రెండు గంటలు ఆ వంతెన మీద కారు నీడలో నిలబడ్డాను. ఊళ్లోని బళ్లన్నీ నన్ను తప్పించుకుని వెళ్లాయి.

బుధవారం ఆటోనగర్‌లో ఫిల్టరు విప్పించి, బ్లేడుతో కోసి చూశాను. మడతల నిండా నల్లటి ముద్ద. అది పట్టవలసిందంతా పట్టింది. ఒక్క రేణువును కూడా దాటనివ్వలేదు, చివరికి నూనెను కూడా. పెట్టినవాడి బుద్ధే దానికీ వచ్చింది. మెకానిక్ నా మీద జాలిపడి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

గురువారం సిటీ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాను. మోకాలు సలపరిస్తుంటే సగం దారి నిలబడే ఉన్నాను. ఆయన మంచం మీద ఉన్నాడు, మిషన్ తిరుగుతోంది. మంగళవారం ఆలస్యమైనందుకు ఏమీ కాలేదట. నన్ను చూసి, "బస్సులో వచ్చేవేటి? ఆ కాలేసుకుని?" అన్నాడు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు బస్సులో చాలా మాటలు కూర్చుకున్నాను. ఫిల్టరు గురించి, ఎన్నాళ్ల కిందటి రిపోర్టు గురించి కూడా. "తప్పు నాదే. అప్పుడూ ఇప్పుడూ" అన్నాను. మిగతావేవీ గుర్తు రాలేదు.

"పోన్లే బావా" అన్నాడు.

"వ్యాను వస్తోందని నాకెందుకు చెప్పలేదు?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. "సెప్దామనే అనుకున్నాను. ఆవేళ నువ్వు మా ఇంటికొచ్చి కారుందన్నప్పుడు నీ మొకం సూసేను. మా ఇంటిది కూడా సూసింది. నువ్వు వేనెక్కిపోతే ఆ బాబు తలుపేసుకుని ఉండిపోతాడు, పోనీ కొన్నాల్లు ఆ కారెక్కు, అంది. మిల్లు లేదు, మా సెల్లెమ్మ ఊల్లో లేదు, నీకు సూసుకోడానికి ఏటుంది? అందుకని ఎక్కేను."

"రెండేళ్లు?"

"రెండేల్లే. కారులో కూకుంటే నడుం నొప్పెడతాది బావా. వేనులో ఎనక సీటు మీద పడుకుని వచ్చెయ్యొచ్చు."

నేను ఆయనకు సాయం చేస్తున్నాననుకున్న రోజులన్నీ ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి. ప్రతి మంగళవారం, ప్రతి గురువారం, ప్రతి శనివారం, ఈ జబ్బు మనిషే నొప్పెట్టే నడుముతో కూర్చుని నాకు సాయం చేశాడు. నూనె చుక్కలు చూసి బాగుందన్నాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బండి ఏదో ఒకటి చూస్తాను. అద్దెకైనా తీసుకుందాం. డ్రైవర్ని పెడతాను. నువ్వు వెనక పడుకో, నేను ముందు కూర్చుంటాను" అన్నాను. గొంతు బతిమాలుతున్నట్టు రావడం నాకే వినిపించింది.

ఆయన సూదులు లేని చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

"వద్దు బావా. నాను వేనులోనే వత్తాను. ఇంక నాకు ఓపిక లేదు" అన్నాడు.

కోపంతో అనలేదు. ఎంతో మెల్లగా, నాకు నొప్పి కలగకుండా అన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఇంకా రెండు గంటల డయాలిసిస్ ఉంది. నేను దుప్పటి ఆయన పాదాల మీదికి లాగి, కాసేపు కూర్చుని, లేచి వచ్చేశాను. తిరిగి వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుందో గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగాను.